ఎత్తు ఎంత, పట్టు ఎంత? పాత బండ్లకు లిఫ్టు, పెద్ద టైర్లు: ఒక సమీక్ష

కామారెడ్డి, ఎల్లారెడ్డి, మెదక్ మధ్య తిరిగే బండ్లలో ఏపీ 25 నంబరు ప్లేటు ఉన్న బోలేరోలు, సుమోలు, స్కార్పియోలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో రిజిస్టరైన బండ్లవి. కొన్నింటికి పదిహేనేళ్లు దాటాయి, కొన్నింటికి దగ్గర పడ్డాయి. ఇంజను బాగానే ఉంటుంది, బాడీకి అక్కడక్కడా తుప్పు పడుతుంది, కమాన్లు కుంగి ఉంటాయి. అలాంటి బండిని అమ్మితే చేతికొచ్చేది తక్కువ. అందుకే ఉన్నదాన్నే నిలబెట్టుకోవాలన్న ఆలోచన మొదలవుతుంది. ఆ వెంటే రెండో ప్రశ్న వస్తుంది: ఎలాగూ షెడ్డులో పెడుతున్నాం కదా, కాస్త పైకెత్తించి పెద్ద టైర్లు వేయిద్దామా?

దీని మీద మెకానిక్ షెడ్లలో ఒక మాట, టైర్ల దుకాణాల్లో ఇంకో మాట, ఆర్టీఓ ఆఫీసులో మూడో మాట వినబడుతుంది. ఏ మాటా పూర్తిగా తప్పు కాదు. కానీ ఒక్కొక్కరు ఒక్కో అవసరాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు. బండి పొట్ట రాళ్లకు తగలకూడదన్నది ఒక అవసరం. బురదలో చక్రం పట్టు జారకూడదన్నది మరొకటి. బండి ఠీవిగా కనబడాలన్నది ఇంకొకటి. ఈ మూడింటినీ ఒక్క ‘లిఫ్టు’ అనే మాట కింద కలిపేయడంతోనే వాదం చిక్కుపడింది.

ఈ అలవాటు ఎక్కడ మొదలైంది

మన దేశంలో జీపు కథ రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మొదలైంది. 1945లో ఉక్కు వ్యాపారంతో ప్రారంభమైన మహీంద్రా కంపెనీ 1947లో విల్లీస్ జీపుల బిగింపు పని చేపట్టింది. ఆ జీపుకు నాలుగు చక్రాల దగ్గరా కమాన్ పట్టీలే. సన్నటి, ఎత్తయిన 6.00-16 టైర్లు. తర్వాత దశాబ్దాల్లో ఆ జీపు వారసులే పల్లెల్లో తిరిగాయి. ఆరుగురు ఎక్కాల్సిన దాంట్లో పదిహేనుమంది ఎక్కేవారు, పైన బస్తాలు పడేవి. కమాన్లు కుంగేవి. మేస్త్రి ఒక పట్టా అదనంగా చేర్చి కట్ట బిగించేవాడు. వెనక భాగం రెండు అంగుళాలు లేచేది. మన ప్రాంతంలో ‘లిఫ్టు’ పుట్టింది అక్కడే. బరువు మోయడానికి వేసిన పట్టా అది, విహారానికి వేసింది కాదు. ఈ తేడాను తర్వాతి తరం మరిచిపోయింది.

1985లో మారుతి జిప్సీ వచ్చింది. తేలిక బండి, ముందూ వెనకా గట్టి యాక్సిల్, నాలుగు మూలలా కమాన్లు. కొండలు, అడవులు, ర్యాలీల్లో తిరిగేవారికి అది ఇష్టమైన బండి అయింది. జిప్సీలో కమాన్లు యాక్సిల్ కింద ఉంటాయి. వాటిని యాక్సిల్ పైకి మారిస్తే బండి ఒక్కసారిగా అయిదంగుళాల దాకా లేస్తుంది. ‘స్ప్రింగ్ ఓవర్’ అని షెడ్లలో చెప్పుకునే మార్పు ఇదే. 1994లో సుమో, 1998లో సఫారీ, 2000లో బోలేరో, 2002లో స్కార్పియో, 2010లో థార్ వచ్చాయి. 2014 నుంచి గోవాలో జరుగుతున్న రెయిన్‌ఫారెస్ట్ చాలెంజ్ లాంటి పోటీల వీడియోలు ఫోన్లలో చూసి, ఆ బండ్ల రూపాన్ని తమ పాత బండికి తేవాలనుకున్నవారు పెరిగారు. పోటీ బండ్లకు రోల్ కేజ్, విన్చ్, ఐదు పాయింట్ల బెల్టులు ఉంటాయి. అవి పోటీ దాకా లారీ మీద వెళ్లి లారీ మీదే తిరిగొస్తాయి. ఆ సంగతి వీడియోలో కనబడదు.

ఎత్తు అంటే ఏ ఎత్తు

ఈ చర్చలో అన్నిటికంటే ఎక్కువగా తప్పు అర్థమయ్యేది ఇదే. కాబట్టి దీన్ని కాస్త నిదానంగా చూడాలి.

బండిని పైకెత్తే దారులు మూడు. బాడీకి, ఛాసిస్‌కు మధ్య దిమ్మెలు పెట్టి బాడీని మాత్రమే ఎత్తడం ఒకటి. దీనితో ఛాసిస్, ఇంజను, గేర్ బాక్స్ ఉన్నచోటే ఉంటాయి. పెద్ద టైరు మడ్‌గార్డుకు తగలకుండా చోటు దొరుకుతుంది, అంతే. రెండోది సస్పెన్షన్ లిఫ్టు: పొడుగు స్ప్రింగులు, అదనపు పట్టీలు, స్పేసర్లు, పొడుగు శాకిళ్లు. దీనితో ఛాసిస్ కూడా లేస్తుంది, పొట్ట కింద ఖాళీ పెరుగుతుంది. మూడోది పెద్ద టైరు. దీనితో బండి మొత్తం, యాక్సిళ్లతో సహా లేస్తుంది.

ఇప్పుడు ఒక బోలేరో వెనక వంగి చూడండి. రెండు చక్రాల మధ్య అడ్డంగా ఇనుప గొట్టంలా హౌసింగ్ ఉంటుంది. దాని మధ్యలో ఉబ్బెత్తుగా డిఫరెన్షియల్ గుండు ఉంటుంది. బండికి వెనక అన్నిటికంటే కింద ఉండేది ఆ గుండే. కింద రాయి తగిలినా, ట్రాక్టరు గాడిలో మట్టికట్ట తగిలినా ముందు దానికే తగులుతుంది. ఆ హౌసింగ్ చక్రానికి నేరుగా బిగించి ఉంటుంది. పైన కమాన్ ఎంత ఎత్తినా అది ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. అది లేవాలంటే టైరు వ్యాసార్ధం పెరగాలి.

అంటే మూడంగుళాల లిఫ్టుకు డబ్బు పెట్టిన యజమానికి ఛాసిస్ మధ్య ఎత్తు పెరుగుతుంది, గట్టు దాటేటప్పుడు నడుము తగలదు. కానీ గాడి పడ్డ మట్టిబాటలో హౌసింగ్ గుండు మట్టిని దున్నుకుంటూనే వెళ్తుంది. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల పొలం బాటల్లో బండ్లు ఇరుక్కునేది సాధారణంగా ఈ రెండో రకంలోనే. వరి నాట్ల కాలంలో ట్రాక్టర్లు వేసిన గాళ్లు లోతుగా పడతాయి. వాటిలో నడుము ఎత్తు కంటే హౌసింగ్ ఎత్తే ముఖ్యం.

టైర్ల లెక్క

టైరు ఎంత పెరిగితే ఏమవుతుందో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. చాలా బోలేరోలకు కంపెనీ ఇచ్చిన సైజు 215/75 ఆర్15. అంటే అడ్డం 215 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు దానిలో 75 శాతం, రిమ్ము 15 అంగుళాలు. కొత్త టైరు వ్యాసం దాదాపు 703 మిల్లీమీటర్లు వస్తుంది. దాన్ని ఆధారంగా తీసుకుని పోల్చితే:

235/75 ఆర్15 టైరు వ్యాసం సుమారు 733 మి.మీ. హౌసింగ్ కింద పెరిగేది 15 మి.మీ. స్పీడోమీటరు 80 చూపితే అసలు వేగం 83.

30 అంగుళాల టైరు (762 మి.మీ.): హౌసింగ్ కింద 29 మి.మీ. పెరుగుతుంది. మీటరు 80 అంటే అసలు వేగం దాదాపు 87.

31 అంగుళాల టైరు (787 మి.మీ.): 42 మి.మీ. పెరుగుదల. మీటరు 80 అంటే దాదాపు 90.

33 అంగుళాల టైరు (838 మి.మీ.): 67 మి.మీ. పెరుగుదల. మీటరు 80 అంటే అసలు వేగం 95.

ఇక్కడ మీటరు కచ్చితంగా ఉందనుకుని వేసిన లెక్క ఇది. చాలా కంపెనీ మీటర్లు కొంచెం ఎక్కువే చూపుతాయి కాబట్టి, 235 టైరుతో వచ్చే తేడా దాదాపు అందులోనే కలిసిపోతుంది. 31 దాటితే కలవదు. ఓడోమీటరు కూడా అదే నిష్పత్తిలో తక్కువ తిరుగుతుంది. 31 అంగుళాల టైరుతో 112 కిలోమీటర్లు వెళ్తే మీటరు 100 చూపుతుంది. ‘పెద్ద టైర్లు వేశాక మైలేజీ బాగా పడిపోయింది’ అన్న ఫిర్యాదులో కొంత భాగం ఈ లెక్క తేడానే. మిగతాది మాత్రం నిజమే. బరువైన చక్రాన్ని తిప్పడానికి, ఆపడానికి ఎక్కువ బలం కావాలి. గేరు నిష్పత్తి మారనంత కాలం 31 అంగుళాల టైరుతో చక్రం నేలను తోసే బలం పదో వంతుకు పైగా తగ్గుతుంది. లోడుతో గట్టెక్కేటప్పుడు మూడో గేరు సరిపోయేచోట రెండో గేరు వేయాల్సి వస్తుంది. క్లచ్ ప్లేటు ఆయుష్షు తగ్గేది అక్కడే.

వెడల్పా, సన్నమా అన్నది ఇంకో పాత తగువు. సన్న టైరు మెత్తని పొరను చీల్చుకుని కింద గట్టి నేలను పట్టుకుంటుందని ఒక వర్గం. వెడల్పు టైరు బురద మీద తేలుతుందని మరో వర్గం. రెండూ నిజమే, నేలను బట్టి. చెలక నేలలో పైన నాలుగంగుళాల జారుడు, కింద మొరం ఉంటుంది. అక్కడ సన్న టైరుదే గెలుపు. నల్లరేగడిలో వాన పడ్డాక కింద గట్టి పొర అందేంత దగ్గర్లో ఉండదు. చీల్చుకుంటూ పోయే టైరు హౌసింగ్ దాకా దిగిపోతుంది. అక్కడ వెడల్పుది పైచేయి. కామారెడ్డి జిల్లాలో రెండు నేలలూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకరి అనుభవం ఇంకొకరికి పనికిరాకపోవడానికి ఇదొక కారణం.

రేగడి మట్టితో అసలు చిక్కు టైరు సైజు కంటే టైరు పువ్వుతో. దగ్గర దగ్గర గాళ్లున్న రోడ్డు టైరు రెండు చుట్లు తిరిగేసరికి మట్టి నిండి నున్నగా మారిపోతుంది. దూరం దూరంగా దిమ్మెలున్న మడ్ టైరు తిరుగుతూనే మట్టిని విదిలించుకుంటుంది. కానీ తారు రోడ్డు మీద, ముఖ్యంగా తడి తారు మీద, దానికి రోడ్డు టైరుకున్నంత పట్టు ఉండదు, చప్పుడు ఎక్కువ, అరుగుదలా ఎక్కువ. వారంలో ఆరు రోజులు తారు మీద, ఒక రోజు పొలం బాటలో తిరిగే బండికి మధ్యరకం ఆల్ టెర్రైన్ టైరే సరైనదన్నది ఈ రంగంలో తెలిసినవారు దాదాపు అందరూ ఒప్పుకునే మాట.

షెడ్డు మాట, టైరు దుకాణం మాట, పాత మేస్త్రి మాట

‘ముందు ఎత్తు, తర్వాత టైరు’ అనేది కుర్రకారు, వారికి కిట్లు బిగించే షెడ్ల వాదం. ఎత్తకపోతే పెద్ద టైరు పట్టదు కదా అన్నది వారి తర్కం. 31 దాటిన టైర్లకు అది సరైన తర్కమే. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు, చక్రం గుంతలో పడి పైకి లేచినప్పుడు మడ్‌గార్డుకు తగులుతుంది.

‘టైరే చాలు’ అనేది రెండో వాదం. కంపెనీ సైజుకు దగ్గర్లో ఉన్న మంచి ఆల్ టెర్రైన్ టైరు వేసి, బురదలో దిగే ముందు గాలి 35 నుంచి 20 పౌండ్ల దగ్గరకు తగ్గించుకుంటే, నేలను తాకే భాగం పొడవు పెరుగుతుంది. రోడ్డెక్కాక గాలి మళ్లీ నింపుకోవాలి. దీనికి కావాల్సింది ఒక చిన్న కంప్రెసరు, ఒక గేజి, కాస్త ఓపిక. ఈ వాదానికి ప్రచారం తక్కువ, ఎందుకంటే ఇందులో అమ్ముడుపోయే సామాను తక్కువ.

మూడోది పాత మేస్త్రుల వాదం. నా దృష్టిలో పాత బండ్ల విషయంలో దీనికే బలం ఎక్కువ. పదిహేనేళ్ల బండి అసలు ఎత్తులో ఉండదు అంటారు వాళ్లు. కమాన్ పట్టీలు వంపు కోల్పోయి సాపై ఉంటాయి. శాకిల్ బుష్‌లు అరిగి ఉంటాయి. సఫారీ లాంటి బండ్ల ముందు భాగంలో టార్షన్ బార్లు సాగి ఉంటాయి. ముందు అవన్నీ కొత్తవి వేస్తే, బండి కంపెనీ నుంచి వచ్చినప్పటి ఎత్తుకు తిరిగొస్తుంది. చాలా బండ్లలో యజమాని కోరుకున్న ఎత్తులో పెద్ద భాగం అక్కడే దొరుకుతుంది, చట్టంతో పేచీ లేకుండా, స్టీరింగు చెడకుండా. అరిగిన బుష్‌ల మీద లిఫ్టు కిట్టు వేయడం పుండు మీద కొత్త చొక్కా వేసినట్టు ఉంటుంది. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల రాపిడి పెరుగుతుంది.

మరొక మాట ఎవరూ గట్టిగా చెప్పరు. మన ప్రాంతంలో తిరిగే బోలేరోల్లో చాలావాటికి వెనక చక్రాలకే ఇంజను బలం అందుతుంది. బురదలో ఒక వెనక చక్రం తేలిపోతే బలమంతా అటే పోయి ఆ చక్రం గిర్రున తిరుగుతుంది, రెండోది కదలదు. ఇలాంటి బండిని ఆరంగుళాలు ఎత్తినా దాని బురద దాటే శక్తి పెద్దగా పెరగదు. చివరికి ట్రాక్టరు, తాడే దిక్కు.

ఎత్తితే పాడయ్యేవి

లిఫ్టు వల్ల వచ్చే నష్టాల గురించి కొందరు గోరంతలు కొండంతలు చేస్తారు, కొందరు అసలు లేవంటారు. ఇంజనీరింగు పుస్తకాల దృష్టిలో ఇది పెద్దగా వివాదం లేని విషయం.

బండి పక్కకు దొర్లే స్వభావాన్ని అంచనా వేయడానికి ఒక తేలిక కొలత ఉంది. రెండు చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని, బరువు కేంద్రం నేల నుంచి ఉన్న ఎత్తుతో భాగించాలి. అమెరికా రహదారి భద్రతా సంస్థ తన దొర్లుడు రేటింగులకు ఈ కొలతనే ఆధారంగా తీసుకుంది. ఉదాహరణకు వెడల్పు 1.4 మీటర్లు, బరువు కేంద్రం 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఫలితం 1.0. ఆ కేంద్రం 7.5 సెంటీమీటర్లు పైకి జరిగితే 0.9కి పడుతుంది. అంటే పక్కకు తోసే బలాన్ని ఓర్చుకునే శక్తిలో పదో వంతు పోయింది. పైన క్యారియరు మీద సామాను పడితే ఇంకా తగ్గుతుంది. ఒక బర్రె అడ్డొచ్చినప్పుడు స్టీరింగు ఒక్కసారి అటూ ఇటూ తిప్పాల్సి వస్తుంది. అప్పుడు పోయిన ఆ పదో వంతే కావాల్సి వస్తుంది.

స్టీరింగు విషయం ఇంకా సూక్ష్మం. కమాన్ ఎత్తితే డ్రాగ్ లింకు ఏటవాలుగా దిగుతుంది. అప్పుడు చక్రం గుంతలో పడి లేచిన ప్రతిసారీ స్టీరింగు తనంతట తాను కాస్త తిరుగుతుంది. క్యాస్టర్ కోణం తగ్గితే మలుపు తర్వాత స్టీరింగు వెనక్కి రాదు, నేరు రోడ్డు మీద బండి అటూ ఇటూ ఊగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరిగితే సెంటర్ జాయింటు దగ్గర వణుకు మొదలవుతుంది. బ్రేకు గొట్టాలు సాగుతాయి. బండిని జాకీ మీద ఎత్తి చక్రాన్ని పూర్తిగా కిందికి వేలాడనిచ్చి చూస్తే, గొట్టం తాడులా బిగుసుకుందో లేదో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. ఈ పరీక్ష చేయని షెడ్డులో పని చేయించకూడదు.

చాలామందికి తెలియని చిన్న వస్తువు ఒకటుంది. కొన్ని బండ్లలో వెనక హౌసింగ్‌కు ఒక కడ్డీతో కట్టిన లోడు వాల్వు ఉంటుంది. వెనక బరువు పడి ఛాసిస్ కుంగితే అది వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి ఇస్తుంది. ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. లిఫ్టు వేసి ఆ కడ్డీని సరిచేయకపోతే, బండి ఎప్పుడూ ఖాళీగానే ఉన్నట్టు వాల్వు భ్రమపడుతుంది. తొమ్మిదిమందిని ఎక్కించుకున్నా వెనక బ్రేకు తక్కువ బలంతోనే పడుతుంది. బరువైన పెద్ద టైరు దీనికి తోడైతే ఆగే దూరం ఎంత పెరుగుతుందో ఊహించుకోవచ్చు.

ఎత్తయిన బండి ముందు భాగం బండిలో ఉన్నవారికంటే రోడ్డు మీద నడిచేవారికి ఎక్కువ ప్రమాదం. అమెరికా బీమా సంస్థల రహదారి భద్రతా కేంద్రం 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండ్లు, 30 అంగుళాలకు మించని వాలు బానెట్ బండ్లతో పోలిస్తే, పాదచారులను ఢీకొన్నప్పుడు ప్రాణం తీసే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువ. సంత రోజున ఎల్లారెడ్డి బజారులో పిల్లలు, ముసలివాళ్లు బండ్ల మధ్య నుంచే నడుస్తారు. ఈ కోణం మన చర్చలోకి ఇంకా రానే లేదు.

చట్టం ఏమంటోంది

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఈ విషయానికి మూలం. ఆర్సీలో ఉన్న వివరాలు, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చరాదని అది చెబుతుంది. 2000లో దీన్ని గట్టిగా సవరించారు. ‘మార్పు’ అంటే బండి నిర్మాణంలో చేసిన, దాని మౌలిక లక్షణాన్ని మార్చే మార్పు అని అక్కడే వివరణ ఇచ్చారు. 2019 జనవరి 9న, కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కఠినంగానే అన్వయించింది. తయారీదారు ఇచ్చిన మౌలిక స్వరూపానికి భిన్నంగా మార్చిన బండ్లను రిజిస్టరు చేయరాదని తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం 182ఏ సెక్షన్ చేర్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అంతకుముందే, 2017 చివర్లో, బంపరుకు బిగించే ఇనుప గార్డుల మీద చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది.

లిఫ్టు విషయంలో పెద్దగా అనుమానం లేదు. ఛాసిస్ ఎత్తు, బండి మొత్తం ఎత్తు మారుతున్నాయి కాబట్టి అది 52వ సెక్షన్ కిందికి వస్తుందనే అధికారులు, న్యాయవాదులు ఎక్కువమంది చెబుతారు. తగువంతా టైర్ల దగ్గర. ప్రైవేటు బండి ఆర్సీ కార్డులో టైరు సైజు కనబడదు కదా, అలాంటప్పుడు తేడా ఎక్కడిది అన్నది ఒక వర్గం ప్రశ్న. కంపెనీ ఆమోదించిన సైజుల జాబితాలో లేనిదేదైనా మార్పే అన్నది మరో వర్గం జవాబు. ఒకే మోడల్‌లో పై వేరియంట్‌కు కంపెనీయే ఇచ్చిన పెద్ద సైజును కింది వేరియంట్‌కు వేస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. దాని మీద స్పష్టమైన రాత మాత్రం లేదు.

బీమాలో కూడా ఇదే మసక. మార్పులు చేస్తే కంపెనీకి తెలపాలన్నది పాలసీ షరతు. చెప్పకపోతే సొంత బండి నష్టానికి పెట్టిన క్లెయిము మీద పేచీ పెట్టడానికి వారికి కారణం దొరుకుతుంది. అందుకే కిట్టు ధరలో ఈ ప్రమాదాన్ని కూడా కలిపి చూసుకోవాలి.

ఇతర దేశాలు ఇంత గుడ్డిగా మూసేయలేదు. ఆస్ట్రేలియాలో తేలిక వాహనాల మార్పులకు జాతీయ నియమావళి ఉంది. రాష్ట్రాన్ని బట్టి 50 లేదా 75 మిల్లీమీటర్ల దాకా ఎత్తడానికి యజమానికి వెసులుబాటు ఉంటుంది. అంతకు మించితే గుర్తింపు పొందిన ఇంజనీరు పరీక్షించి పత్రం ఇవ్వాలి. ఇంకా పెంచితే ఒక్కసారిగా లేను మార్చి చూసే పరీక్ష కూడా పెట్టవచ్చు. జర్మనీలో ఇలాంటి మార్పులు చాలావరకు నిపుణుల తనిఖీ దాటి బండి పత్రాల్లో నమోదవుతాయి. ఈ దేశాలు అతి స్వేచ్ఛ ఇచ్చాయని అనలేం. కొలిచి అనుమతించాయి. మనదగ్గర సీఎన్‌జీ కిట్లకు, దివ్యాంగుల కోసం చేసే మార్పులకు అలాంటి దారి ఉంది. సస్పెన్షన్‌కు లేదు.

వరద నీళ్లు, అభయారణ్యం

నిజాం కాలంలో 1916, 1922 మధ్య కట్టిన పోచారం ప్రాజెక్టు, పక్కనే సుమారు 130 చదరపు కిలోమీటర్ల వన్యప్రాణి అభయారణ్యం, ఈ రెండూ ఈ ప్రాంతంలో ఎత్తు బండ్ల మోజుకు కారణాలయ్యాయి. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో కురిసిన కుంభవృష్టికి ప్రాజెక్టు పొంగిపొర్లింది, కట్ట పక్కన నేల కోతకు గురైంది, చుట్టుపక్కల రోడ్లు తెగిపోయాయి. ఆ తర్వాత ‘ఎత్తు బండి ఉంటే దాటేవాళ్లం’ అన్న మాట బలపడింది. ఇది ప్రాణాల మీదికి తెచ్చే నమ్మకం.

వేగంగా పారే నీరు రెండడుగుల లోతుంటే పెద్ద ఎస్‌యూవీలను, పికప్‌లను కూడా కొట్టుకుపోగలదని అమెరికా జాతీయ వాతావరణ విభాగం పదే పదే హెచ్చరిస్తుంది. మూడంగుళాల లిఫ్టు ఆ లెక్కను మార్చదు. గాలి నిండిన వెడల్పు టైర్లు బండిని నీటిలో ఇంకాస్త తేలికగా లేపుతాయి. ఇంజనుకు గాలి పీల్చే గొట్టం కూడా ఆ మూడంగుళాలకు మించి లేవదు. వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీటిలో మునిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది. బ్రీదరు గొట్టం కిందే ఉంటే అది నీటిని లోపలికి లాగుతుంది. నాలుగు రోజుల తర్వాత గేరు ఆయిలు పాలలా తెల్లగా కనబడితే అదే కారణం. నిలిచిన నీటిలో నడవడానికి బ్రీదరు గొట్టాన్ని పైకి పొడిగించుకోవడం చవకైన, పనికొచ్చే పని. పారే నీటికి మాత్రం ఏ మార్పూ జవాబు కాదు.

అభయారణ్యంలో బాట తప్పి బండి తిప్పడం చట్టం ఒప్పుకోదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అందులోకి వెళ్లడానికే అనుమతి కావాలి. వేసవిలో చెరువు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే శిఖం భూమిలో మడ్ టైర్ల గాళ్లు వేయడం పశువుల మేతకు, అక్కడికొచ్చే పక్షులకు చేటు. ఎత్తు బండి కొన్నవారికి తిరిగే చోటు ఏదన్న ప్రశ్నకు ఇక్కడ సమాధానం పొలం బాటలు, మట్టి రోడ్లు మాత్రమే. వాటికి కూడా రోజులు మారుతున్నాయి. మెదక్ నుంచి ఎల్లారెడ్డి మీదుగా వెళ్లే దారి జాతీయ రహదారి అయింది. రోడ్డు బాగుపడితే వేగం పెరుగుతుంది. అప్పుడు బండికి కావాల్సింది ఎత్తు కంటే నిలకడ, బ్రేకు.

తేలినవి, తేలనివి

కొన్ని విషయాల్లో వాదం దాదాపు ముగిసింది. హౌసింగ్ ఎత్తును టైరే మారుస్తుంది. పాత బండికి ముందు బుష్‌లు, కమాన్లు, షాకప్‌లు. 1.6 మిల్లీమీటర్ల కంటే తక్కువ పువ్వు మిగిలిన టైరుతో కారు నడపడం నిబంధనలకే విరుద్ధం. సెకండ్ హ్యాండ్ పెద్ద టైర్లు కొనేవారు పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర చూడాలి. 3217 అంటే 2017లో 32వ వారంలో తయారైనది. పువ్వు నిండుగా ఉన్నా అంత పాత రబ్బరు గట్టిపడి ఉంటుంది. తడి రోడ్డు మీద అది పట్టదు.

తేలనివి వేరే ఉన్నాయి. చిన్న మార్పుకు, పెద్ద మార్పుకు మధ్య గీత ఎక్కడ? 15 మిల్లీమీటర్ల టైరు తేడానూ, అయిదంగుళాల స్ప్రింగ్ ఓవర్‌నూ ఒకే సెక్షన్ కింద చూడటం సమంజసమా? కుంగిన కమాన్‌కు బదులు కంపెనీది కాని, కానీ నాణ్యమైన పట్టీ వేయించి అంగుళం లేపితే అది మరమ్మతా, మార్పా? ఈ ప్రశ్నలకు జిల్లా స్థాయిలో ఒక్కో అధికారి ఒక్కోలా జవాబు చెబుతున్నాడు.

పదిహేనేళ్లు నిండిన ప్రైవేటు కారుకు ఆర్సీ అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి దాని రుసుము 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. ఆ తనిఖీ ముందు లిఫ్టు విప్పి పాత పట్టీలు, పాత టైర్లు వేయించి, పని ముగిశాక మళ్లీ ఎత్తించే అలవాటు పుట్టింది. కమాన్‌ను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులను అలా పదే పదే విప్పి బిగించడమే ఒక ప్రమాదం. సాగిన యూ బోల్టును మళ్లీ వాడకూడదన్నది మేస్త్రులందరికీ తెలిసిన సంగతే. అలైన్‌మెంట్ రెండుసార్లు చెడుతుంది. తనిఖీ అధికారి చూసిన బండి ఒకటి, రోడ్డు మీద తిరిగే బండి మరొకటి. నిషేధం ఉన్నచోట కొలత లేకపోతే జరిగేది ఇదే. రెండంగుళాల లోపు మార్పుకు, కొలతలు రాసి సంతకం పెట్టే ఇంజనీరు ఒకరు, ఆ కాగితాన్ని ఆర్సీకి జతచేసే దారి ఒకటి రవాణా శాఖ ఇవ్వగలదా అన్నదాని మీద ఇంతవరకు చర్చ మొదలే కాలేదు. ఇవ్వాలంటే కేంద్ర నిబంధనలు మారాలి. అంతదాకా ఏపీ 25 బండి యజమానికి చట్టబద్ధంగా దొరికేది కొత్త బుష్‌లు, కొత్త కమాన్లు, కంపెనీ జాబితాలో ఉన్న సైజులో మంచి ఆల్ టెర్రైన్ టైర్లు, గాలి కొలిచే గేజి.